వేలిముద్ర పడలేదు

నా పేరు చెంగమ్మ.
పులికాట్‌లో రొయ్యల్ని చేత్తో పడతా.
వల లేదు, పడవ లేదు.
తాటాకు బుట్టని పండ్లతో కరుచుకొని
మోకాటి నీళ్ళలో ముందు ఊరికే నడుస్తా,
ఏమీ పట్టకుండా.
బురదలో దిగబడిన పాదం గుంటవుతుంది.
ఎండకి ఓర్వలేని రొయ్య ఆ గుంటలోకొచ్చి ఒదుగుతుంది.
మళ్ళీ అదే దోవన వెనక్కొస్తా,
నా అడుగుల్లోంచే నా కూడు ఏరుకుంటా.

మా అమ్మ అనేది:
నీళ్ళకి కళ్ళు చూపించొద్దే,
చేతులు చూపించు.

నాలుగేళ్ళవుతుందేమో.
తుపాను పోయిన మర్నాడు
రాయదొరువు ముఖద్వారంలోంచి ఒక నీలం డ్రమ్ము వచ్చింది.
దాని ఎనకాలే తెగిన నైలాను వల,
థర్మాకోలు పెచ్చులు,
చెప్పులు ఐదు, ఐదూ ఎడమకాలివే.
డ్రమ్ము మీద రాతని పోలమ్మ కూతురు కూడా చదవలేకపోయింది,
అది పదో తరగతి.
అడుగున ఒత్తుగా, నల్లగా,
చింతగింజలంత గుల్లలు అతుక్కోనుండాయి.
"అయ్యో, ఎంత దూరం నించి వచ్చాయో పాపం" అన్నా.
నిజంగానే అన్నా.
డ్రమ్ముని ఇంటికి దొర్లించుకొచ్చి
కొడవలితో గీకి, బూడిదేసి తోమి,
గీకిన గుల్లల్ని చాటలోకెత్తి
నీళ్ళలోనే వదిలొచ్చా.
ప్రాణం గదా అని.

ఇప్పుడు యాడ కాలు పెట్టినా గరగర.
బురద మీద నల్లటి చాప పరిచినట్టు,
ఒకదాన్నొకటి దారంతో కుట్టుకోని.
పాదం దిగదు. గుంట పడదు.
అడుగే పడనప్పుడు రొయ్య యాడికొస్తుంది?
తవ్వి చూద్దామని వేళ్ళు దూరిస్తే
బ్లేడుతో గీసినట్టు కోస్తుంది.
ఉప్పునీళ్ళు ఆ మంట ఆరనివ్వవు.

అవతల దీవిలో రాకెట్టు లేస్తే
నీళ్ళు వణికేవి, రొయ్యలు ఎగిరేవి,
కొంగలు లేచి మళ్ళీ వాలేవి.
ఈ గుల్ల వణకదు.
ఆ దీవిలోనే పుట్టాడు మా తాత.
అక్కణ్ణించి లేపితే ఇటు కొట్టుకొచ్చాడు.
అందుకే దీన్ని పరాయిది అనడానికి
నాకు నోరు రాదు.
అలాగని అన్నం పెట్టలేను.

కాలేజీ నించి ఒకాయన వచ్చాడు,
సీసాల్లో గుల్లలు నింపుకొన్నాడు,
ఏదో పేరు చెప్పాడు, నా నాలిక తిరగలా.
ఓడల కడుపులో నీళ్ళతో వచ్చుండొచ్చు,
చెత్తకి అతుక్కోనైనా వచ్చుండొచ్చు,
ఇదీ అని చెప్పలేమన్నాడు.
"మీరు మొదట యాడ చూశారమ్మా?"
డ్రమ్ము మా గుడిసె ముందరే ఉండాది,
ఆయన కాళ్ళు కడుక్కున్నది అందులోని నీళ్ళతోనే.
"తెలీదయ్యా" అన్నా.

నెల మొదట్లో రేషనుకి పోయా.
యంత్రం మీద బొటనవేలు పెట్టా. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
తడి తుడుచుకోమన్నాడు డీలరు మునిరత్నం.
పైటకి తుడిచి తుడిచి పెట్టా.
పదివేళ్ళూ అయినాయి.
ఎనక నిలబడినోళ్ళు గొణుగుతుండారు.
"నీ వేళ్ళ మీద గీతల కంటే కోతలే ఎక్కువుండాయి గదమ్మా,
ఇది నువ్వే అని అదెట్టా నమ్ముద్ది?"
తిట్టలేదులే, మంచోడే,
తనకి తోచింది చెప్పాడు.

నా అడుగుని బురద తీసుకోదు,
నా వేలిని యంత్రం తీసుకోదు.
అంత చిన్న గుల్ల, చింతగింజంతది.

ఆఖరికి లోపల్నించి ఇంకో డబ్బా తెచ్చాడు,
కంటిపాపని చూస్తుందంట అది.
"రెప్ప ఆడించొద్దు" అన్నాడు.
అమ్మ మాట గుర్తొచ్చింది.
గుర్తొచ్చినా, కళ్ళు పెద్దవి చేసి పెట్టా.

పచ్చలైటు.

బియ్యం పోస్తుండారు, సంచి పట్టుకోమంటుండారు.
చేతులు రెండూ ఎనక దాచుకోని
అట్టానే నిలబడుండా.